ర్యాలీ డ్రైవర్ అవుతానంటున్నాడు, ప్లాటు అమ్మమంటున్నాడు

ప్రశ్న: మాది హైదరాబాద్ ఎల్.బి.నగర్. స్పేర్ పార్ట్స్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, మొన్ననే 18 నిండాయి. బీటెక్ వద్దంటాడు. ముందు ర్యాలీ డ్రైవర్‌ని అవుతా, తర్వాత టూరింగ్ కార్ రేసుల్లోకి వెళ్తా అంటున్నాడు. మాకున్న ఒక్క ప్లాటు అమ్మి రేస్ కారు కొనమని పట్టుబడుతున్నాడు. వాడి ఆశ చంపాలని లేదు, ఇల్లు గుల్ల చేసుకోవాలనీ లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ప్లాటు అమ్మకండి. కారు కొనకండి. అబ్బాయిని మాత్రం ఆపకండి.

ముందు డబ్బు సంగతి. మన దేశంలో రేసింగే జీవనాధారంగా బతికే డ్రైవర్లు చాలా తక్కువ. మన దేశపు ర్యాలీ డ్రైవర్ గౌరవ్ గిల్ 2013, 2016, 2017లలో ఆసియా పసిఫిక్ ర్యాలీ చాంపియన్ అయ్యారు. 2019లో అర్జున అవార్డు అందుకున్నారు. మోటార్ స్పోర్ట్స్ నుంచి ఆ అవార్డు వచ్చింది మొదట ఆయనకే. ఆ స్థాయికి చేరినవాళ్లకు కంపెనీలే కారు ఇస్తాయి. అక్కడికి చేరేదాకా ఖర్చు ఇంటివాళ్లదే. ఎంట్రీ ఫీజు, టైర్లు, మెకానిక్‌లు, పైగా ప్రయాణాలు. హైదరాబాద్‌లో శాశ్వత రేస్ ట్రాక్ లేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది కానీ అది రోడ్ల మీద తాత్కాలికంగా కట్టిన ట్రాక్. కాబట్టి సర్క్యూట్ రేసులంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, లేదంటే కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వే. ర్యాలీలు కూడా ఎక్కువగా కర్ణాటక, తమిళనాడు వైపే.

అందుకే కొత్తవాళ్లు చాలామంది టీమ్ దగ్గర ఒక్కో రౌండ్‌కి కారు అద్దెకు తీసుకుంటారు. అలా తీసుకుంటే ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: కారు గుద్దుకుంటే నష్టం ఎవరు కట్టాలి? జవాబు కాగితం మీద రాయించుకోండి. మనం రోజూ వాడే కారు ఇన్సూరెన్స్ రేసింగ్‌కి వర్తించదు. వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీల్లోనూ చాలావాటిలో ఇదే మినహాయింపు ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ పేరా ఒక్కటైనా చదవండి.

ఇక మీ అబ్బాయి ఒకే వరసలో చెబుతున్న ర్యాలీ, టూరింగ్ కార్ రెండు వేర్వేరు విద్యలు. ర్యాలీలో కార్లు ఒకదాని తర్వాత ఒకటి బయలుదేరతాయి, పోటీ గడియారంతో. ట్రాఫిక్ ఆపేసిన మట్టిరోడ్డు మీదో తారురోడ్డు మీదో పోవాలి. పోటీకి ముందే ఆ దారిలో తిరిగి చూసి (రెక్కీ) మలుపుల గురించి రాసుకున్న పేస్ నోట్స్‌ని పక్కసీట్లో కో డ్రైవర్ చదువుతుంటే, కనపడని మలుపును ఆ మాట మీద నమ్మకంతో తిప్పాలి. టూరింగ్ కార్ రేసు సర్క్యూట్ మీద. మనం రోడ్డు మీద చూసే సెడాన్, హ్యాచ్‌బ్యాక్ ఆకారంలోని కార్లే ఒక గుంపుగా, అద్దాలు రాసుకునేంత దగ్గరగా పోతాయి. అక్కడ పక్కవాడి ఆలోచన పసిగట్టాలి, బ్రేక్ ఎక్కడ వేయాలో ప్రతి ల్యాప్‌లోనూ అంతే కచ్చితంగా తెలియాలి. మన జాతీయ రేసింగ్ చాంపియన్‌షిప్‌లో ఇండియన్ టూరింగ్ కార్స్ అని ఒక తరగతే ఉంది.

ఒకటి నుంచి ఇంకోదానికి మారినవాళ్లు లేకపోలేదు. ఫ్రాన్స్‌కు చెందిన సెబాస్టియన్ లోబ్ 2004 నుంచి 2012 దాకా వరసగా తొమ్మిదిసార్లు ప్రపంచ ర్యాలీ చాంపియన్. తర్వాత ప్రపంచ టూరింగ్ కార్ పోటీల్లోకి వెళ్లి 2014, 2015లలో మూడో స్థానంలో నిలిచారు. ఆయన మొదట జిమ్నాస్ట్, ఎలక్ట్రీషియన్‌గా పనిచేశారు. కొత్త డ్రైవర్లను వెతికే పోటీలో పాల్గొని పైకి వచ్చారు. మీ అబ్బాయికి ఈ కథ చెప్పండి. జిమ్నాస్టిక్స్ ఇచ్చిన శరీరం, పోటీలో దొరికిన అవకాశం, ఆ తర్వాత ఏళ్ల తరబడి సాధన, అన్నీ కలిస్తేనే ఆ పేరు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? నా సలహా టీఎస్‌డీ ర్యాలీలతో. టైమ్, స్పీడ్, డిస్టెన్స్ లెక్క తప్పకుండా, ట్రాఫిక్ నియమాల లోపలే, మామూలు కారుతో నడిపే పోటీ ఇది. ఒకరు నడుపుతారు, ఒకరు దారి, లెక్కలు చూస్తారు. మొదట నావిగేటర్‌గా కూర్చోమనండి. ఎంపీసీ కుర్రాడికి ఆ లెక్కలు భారం కావు. ఈ సీట్లో ఎంతసేపు ఓపిగ్గా కూర్చోగలడో చూస్తే మీకు సగం జవాబు దొరుకుతుంది. వేగం కావాలంటే నగరంలో గో కార్టింగ్ ట్రాక్‌లు ఉన్నాయి. అక్కడ తన ల్యాప్ టైమ్‌లు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఒక్క మంచి ల్యాప్‌కి సంబరపడకుండా, పది ల్యాప్‌ల మధ్య తేడా ఎంతో చూడమనండి. మార్షల్‌గా, అంటే రేసులో జెండాలు చూపుతూ భద్రత చూసుకునే మనిషిగా, సర్వీస్ చేయడం ఇంకో దారి. రేసును దగ్గరగా చూస్తాడు, టీమ్ వాళ్లతో పరిచయమవుతుంది. పోటీకి దిగే ముందు మన దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ని చూసే సంఘం ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్స్ తీసుకోవాలి, అందుకు మెడికల్ సర్టిఫికెట్ కావాలి. ర్యాలీ నడపాలంటే ఆర్టీఏ ఇచ్చే డ్రైవింగ్ లైసెన్స్ కూడా ఉండాలి.

చదువు మానడం మాత్రం నేను ఒప్పుకోను. మెకానికల్ లేదా ఆటోమొబైల్‌లో చేరితే బాజా, సుప్రా లాంటి విద్యార్థి పోటీల్లో తనే కారు కట్టి నడపవచ్చు. మన హైదరాబాద్‌లోనే హ్యుందాయ్, జెడ్‌ఎఫ్ కంపెనీల ఇంజినీరింగ్ కేంద్రాలు ఉన్నాయి. కారు ఎందుకు జారుతోందో, ఏ చక్రానికి పట్టు తగ్గిందో మాటల్లో చెప్పగల డ్రైవర్‌కి టెస్ట్ డ్రైవింగ్‌లోనూ, సస్పెన్షన్ ట్యూనింగ్‌లోనూ విలువ ఉంటుంది. ఆ మాటలు ఇంజినీరింగ్ చదివితే త్వరగా వస్తాయి. మీ షాపు కూడా పాఠశాలే. డంపర్లు, బ్రేక్ ప్యాడ్లు చేత్తో పట్టుకుని పెరిగిన పిల్లలకు అది మామూలు లాభం కాదు.

ఒక్క విషయంలో మాత్రం మీరు కఠినంగా ఉండాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి పందేలకు వెళ్తే, ఆ రోజుతో ఈ మాట ముగిసినట్టేనని ఇప్పుడే చెప్పండి. రేస్ కారులో రోల్ కేజ్ (కారు పల్టీ కొట్టినా లోపలివాళ్లను కాచే ఇనుప చట్రం), ఐదారు పట్టీల బెల్టు, మంటను తట్టుకునే సూటు, పక్కనే అంబులెన్స్ ఉంటాయి. రింగ్ రోడ్డు మీద వెళ్లే కుటుంబానికి అవేవీ ఉండవు.

ఏడాది ఇలా గడిచాక టైమ్ షీట్లు, మార్కుల షీట్లు రెండూ టేబుల్ మీద పెట్టి కూర్చోండి. అప్పటికీ ఆ ఇష్టం అలాగే ఉండి, టైమ్‌లు మెరుగవుతుంటే, ఒక్క రౌండ్‌కి కారు అద్దెకు తీసుకునే సంగతి మాట్లాడుకోవచ్చు.