ఏ బ్రాండ్ అన్నది తర్వాత, తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో ముందు చూడండి

మీరు అడిగింది ఇది: "వయసు 29, ఉండేది మద్దిలపాలెం, సంగీతం బొత్తిగా రాదు. పదివేల లోపు అకౌస్టిక్ గిటార్ ఏది కొనాలి? ఫ్రెండ్ గిటార్ పట్టుకుంటే కాసేపటికే వేళ్లు మండిపోయాయి. అసలు నాకు వస్తుందా?"

తప్పకుండా వస్తుంది. బ్రాండ్ సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆ వేళ్ల మంట గురించి మాట్లాడుకుందాం. మొదట్లో వేళ్ల చివర్లు కొంత నొప్పెడతాయి, కొన్ని వారాలకు చర్మం గట్టిపడి సర్దుకుంటుంది. కానీ కాసేపటికే పట్టుకోలేనంత మంట పుట్టిందంటే నేను ఆ గిటార్‌నే అనుమానిస్తాను. వైజాగ్‌లో సరదాపడి గిటార్ కొని, రెండు మూడు నెలలకే అటక మీద పెట్టేసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది తీగలు ఎత్తుగా ఉండే మానేశారని నా గట్టి నమ్మకం. ఒక్కరికీ ఆ మాట చెప్పినవాళ్లు లేరు.

గిటార్ నెక్ (మెడ) మీద అడ్డంగా బిగించిన సన్నటి లోహపు కడ్డీలే ఫ్రెట్లు, వాటిని తల వైపు నుంచి లెక్కపెడతారు. తీగకీ దాని కింద ఉన్న ఫ్రెట్‌కీ మధ్య ఖాళీని యాక్షన్ అంటారు. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 2 మిల్లీమీటర్లు ఉంటే చెయ్యి హాయిగా నడుస్తుంది. 4 మిల్లీమీటర్లు ఉంటే అనుభవం ఉన్నవాళ్లకే చెయ్యి పీకేస్తుంది. పైగా అంత ఎత్తు నుంచి నొక్కేసరికి తీగ సాగి, శ్రుతి కాస్త పైకి పోతుంది. కష్టపడి నొక్కినా అపస్వరమే పలుకుతుంటే, కొత్తగా నేర్చుకునేవాళ్లు తమ చెవిలోనే లోపం ఉందనుకుంటారు.

మా అక్కవాళ్లు లాసన్స్ బే కాలనీలో ఉంటారు. మా మేనకోడలు ఇంటర్ పరీక్షలయ్యాక ఆన్‌లైన్‌లో గిటార్ తెప్పించుకుంది. సి, జి, ఇ మైనర్ కార్డ్‌లు (కొన్ని స్వరాలు ఒకేసారి పలికేలా వేళ్లు పెట్టే పట్లు) చక్కగా పట్టేసింది. ఎఫ్ దగ్గర బండి ఆగిపోయింది. ఎఫ్ అంటే చూపుడు వేలును ఒకటో ఫ్రెట్‌లో అడ్డంగా పరిచి ఆరు తీగల్నీ ఒకేసారి నొక్కాలి. పిల్ల ఎంత బలంగా నొక్కినా మధ్యలో రెండు తీగలు ఠప్పుమని చప్పుడు చేసి ఊరుకునేవి. క్లాసులో మాస్టారేమో వేళ్లు గట్టిపడాలి, ఓర్చుకో అన్నారట. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేర్పేవాళ్లు పిల్ల చేతిలో ఉన్న వాయిద్యాన్ని ఒక్కసారి తీసుకుని చూడొద్దా?

చూపుడు వేలి మీద ఎర్రగా గాళ్లు పడ్డాయి. "నా చెయ్యి చిన్నది మావయ్యా, నాకిది రాదు, అమ్మేద్దాం" అంది. నేను స్కేలు పెట్టి చూసి, పిల్లనీ గిటార్‌నీ వెంటబెట్టుకుని పూర్ణా మార్కెట్ వైపు హార్మోనియంలు, వీణలు, గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన ఒక్క తీగ కూడా మీటలేదు. గిటార్ ఎత్తి, ఒక కన్ను మూసి, తల దగ్గర నుంచి నెక్ పొడవునా చూశాడు. లావు తీగను ఒకటో ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ పెట్టెతో కలిసే చోట ఇంకో చేత్తో నొక్కిపట్టి, మధ్యలో ఏటీఎం కార్డు దూర్చమన్నాడు నన్ను. కార్డు అటూ ఇటూ ఆడింది. విజిటింగ్ కార్డు పట్టేపాటి సందు ఉంటే చాలట అక్కడ. "ఏటి పాపా, ఇన్నాళ్లూ దీన్నేనా నొక్కుతున్నావు?" అన్నాడు.

పెట్టె మధ్యనున్న గుండ్రటి సౌండ్ హోల్‌లోంచి ఎలన్ కీ పెట్టి ట్రస్ రాడ్‌ను, అంటే నెక్ వంపు సరిచేయడానికి లోపల ఉండే లోహపు కడ్డీని, పావు చుట్టు తిప్పాడు. తర్వాత తీగలు వదులు చేసి, బ్రిడ్జిలోంచి (పెట్టె మీద తీగలు బిగించే చెక్క ముక్క) తీగలు ఆనే తెల్లటి పట్టీని, అంటే శాడిల్‌ను, పటకారతో లాగి, పెన్సిల్‌తో గీత గీసి, అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి దాని అడుగు రుద్దడం మొదలుపెట్టాడు. 12వ ఫ్రెట్ తీగ పొడవులో సరిగ్గా సగం దగ్గర ఉంటుంది, కాబట్టి అక్కడ 1 మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ 2 మిల్లీమీటర్లు అరగాలి. కొంచెం రుద్దడం, పెట్టి చూడడం, మళ్లీ తీయడం. బొటనవేలి నిండా తెల్ల పొడి. చివర్లో అవతలి కొసన, తల దగ్గర తీగలు ఆనే నట్ అనే పట్టీ గాళ్లను సన్నటి ఆకురాయితో కాస్త లోతు చేశాడు. ఎఫ్‌ను ఏడిపించేది ముఖ్యంగా అదేనట. ఒకటో ఫ్రెట్ నట్‌ని ఆనుకునే ఉంటుంది కదా, అక్కడ తీగ ఎత్తుగా ఉంటే వేలు ఏం చేయగలదు?

కొత్త తీగలు వేసి చేతికిచ్చాడు. పిల్ల ఎఫ్ పట్టి మీటింది. ఆరూ పలికాయి. మళ్లీ మీటింది. ఆ తర్వాత ఒక్కో తీగనీ విడివిడిగా మీటుకుంటూ, మేం పక్కనున్నామన్న సంగతే మర్చిపోయింది. అదే చెయ్యి, అవే వేళ్లు.

మన ఊళ్లో తీగలు ఇలా పైకి లేవడం మరీ ఎక్కువ, దానికి కారణం ఉంది. ఆరు స్టీలు తీగలూ కలిసి నెక్‌ను 70 కిలోల పైచిలుకు బలంతో లాగుతుంటాయి. గిటార్‌కి 45 నుంచి 55 శాతం తేమ మంచిదంటారు, సముద్రం పక్కనున్న మనకు ఏడాదిలో చాలా రోజులు 70 దాటే ఉంటుంది. చెక్క ఆ తేమ పీల్చి ఉబ్బుతుంది, పై పలక బ్రిడ్జి వెనక పొంగుతుంది, దాంతో తీగలు పైకి లేస్తాయి. ఫ్యాక్టరీలో సరిగ్గా బిగించి పంపినా ఇక్కడికొచ్చి ఒక వానాకాలం గడిస్తే లెక్క మారిపోతుంది. ఇది తెలిసి కూడా కొన్ని షాపుల్లో గిటార్లను గుమ్మం దగ్గర ఎండ తగిలేలా వేలాడదీస్తారు. సెటప్, అంటే ఇలా తీగల ఎత్తు సరిచేయడం, చేసి ఇస్తారా అని అడిగితే అదేంటి సార్ అంటారు. ఇక ఆర్కే బీచ్‌లో ఉప్పుగాలికి గిటార్ పెట్టుకుని ఫొటోలు దిగేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ గాలికి గేట్లు, సైకిల్ చెయిన్లే తుప్పు పడుతుంటే సన్నటి తీగలు ఆగుతాయా? వాయించాక పొడిబట్టతో తుడిచి, రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి బ్యాగులో పెట్టండి. మే నెలలో కారులో మాత్రం వదలొద్దు, వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి ఊడొస్తుంది.

ఇక బ్రాండ్. మీ బడ్జెట్‌కి దగ్గర్లో దొరికితే యమహా ఎఫ్310 ధైర్యంగా తీసుకోవచ్చు. పై పలక ఒకే చెక్కతో చేసినవి బాగా మోగుతాయి కానీ తేమకు తొందరగా లొంగుతాయి. మొదటి గిటార్‌కి, అదీ వైజాగ్‌లో, ప్లైవుడ్ పలకే నయం. డ్రెడ్‌నాట్ అనే పెద్ద పెట్టె మీ భుజానికి ఇబ్బందైతే కాస్త చిన్నది అడగండి, మొహమాటపడకండి. ఏది కొన్నా నెక్‌లో తిప్పగలిగే ట్రస్ రాడ్ ఉండాలి. బాగా చౌక గిటార్లలో కొన్నిటికి అది ఉండదు.

నైలాన్ తీగలది వేళ్లకు మెత్తగానే ఉంటుంది. కాకపోతే దాని నెక్ వెడల్పు నట్ దగ్గర 52 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, స్టీలు గిటార్‌ది 43 చిల్లరే. ఒకవేళ నైలాన్‌ది కొంటే ఎవరెంత చెప్పినా దానికి స్టీలు తీగలు వేయించకండి. ఆ లాగుడుకు బ్రిడ్జి లేచిపోతుంది.

బడ్జెట్‌లో కొంత సెటప్‌కి పక్కన పెట్టుకోండి. షాపుకి వెళ్లేటప్పుడు జేబులో చిన్న స్టీలు స్కేలు ఉండాలి. 12వ ఫ్రెట్ దగ్గర కొలిచి, 3 మిల్లీమీటర్లు దాటితే అక్కడే తగ్గించి ఇమ్మనండి. తీగలు 12–53 (సన్న తీగ, లావు తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉంటే తీసేసి 10–47 ఎక్స్‌ట్రా లైట్ వేయమనండి. మోత కాస్త తగ్గినా మొదటి ఆరు నెలలూ వేళ్లకు అవే మంచివి. కుదరదంటే ఇంకో షాపు చూసుకోండి.