విన్నిపెగ్‌లో పుట్టి కడపలో పెరిగిన తమ్ముడికి

తమ్ముడూ, చదువుకోడానికి కెనడాలోని మా విన్నిపెగ్‌కు వస్తున్నానని రాశావు. నువ్వు అడిగిందంతా చలి గురించి, ఫీజుల గురించి. ఇక్కడ పుట్టావు కాబట్టి కెనడా పౌరుడివే, వీసా గొడవ లేదు. దిగగానే పనికి, పన్నులకు ప్రభుత్వమిచ్చే 9 అంకెల సిన్ నంబరు తీసుకో, హెల్త్ కార్డుకు అప్లై చెయ్యి. ఫీజులు, లోన్ల రూల్స్ కాలేజీ సైట్లో ఉంటాయి. నువ్వు అడగనిది ఒంటరితనం గురించి. నేను దెబ్బతిన్నది అక్కడే.

నాదీ నీ కథే. రెండేళ్ల వయసులో కడపకు తీసుకుపోయారు, అవ్వ పెంచింది. 2005లో ఒక్కణ్ణే తిరిగొచ్చాను. నా దేశానికి నేను పోతున్నా, నాకొకరు చెప్పేదేంటి అన్న పొగరు. ఉగాదికి తెలుగువాళ్లు పిలిస్తే పోలేదు. ఏ ఊరంటే విన్నిపెగ్ అనేవాణ్ణి. ఏ స్కూల్లో చదివావని అడిగితే నోరు పెగిలేది కాదు. కొత్తవాళ్లకు దారి చూపే సెంటర్‌కు పోతే, ఫెడరల్ ప్రభుత్వం డబ్బిచ్చే ఆ సాయం వేరే దేశం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయే అనుమతి పొందిన పర్మనెంట్ రెసిడెంట్లలాంటి వాళ్లకే, పౌరులకు కాదన్నారు. బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. అవ్వతో మాట్లాడదామంటే కడపలో అప్పుడు తెల్లవారుజాము నాలుగు. లేపడానికి మనసొప్పక, బేస్‌మెంట్ గదిలో లైటు కూడా వెయ్యకుండా పడుకునేవాణ్ణి. అవ్వ కట్టిచ్చిన చెనక్కాయల పొడి ఉండేది. మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేసేవాణ్ణి. తింటే అయిపోతుందని దాచి దాచి, చివరికి నూనె కంపు కొడితే పారేశాను.

ఫిబ్రవరిలో ఒకరోజు బస్సులో "బాగుండా అవ్వా" అని ఫోన్లో అంటుంటే, వెనక సీటాయన "ఏ ఊరబ్బీ?" అన్నాడు. మొదటిసారి కడప అని చెప్పాను. ఆయనది ప్రొద్దుటూరు. ఆ రాత్రి వాళ్లింట్లో సంగటి తిన్నాను. ఇవాళ నాకు సొంత ఇల్లుంది, ఆదివారం మా ఇంట్లో నలుగురైదుగురు పిల్లలు తింటారు.

వీడియో కాల్ ఉంది కదా అనుకుంటున్నావేమో. మీ వయసు పిల్లలంతా అదే అంటారు. కాల్ పెట్టేశాక గది ఎట్లుంటుందో మీకింకా తెలీదు. మొదటి నెలలోనే, ఆకలేస్తే తలుపు తట్టగలిగే ఇల్లొకటి చూసుకో. ఊరడిగితే కడప అనే చెప్పు.

జాకెట్ అక్కడ కొనకు, మన ఊరి స్వెట్టర్లు ఈ చలికి ఆగవు. పొడి మాత్రం తెచ్చుకో. దాచుకోకుండా నెలలోపే తినెయ్.