టేకు అనుకుని నాటింది గుమ్మడి టేకైతే?

ప్రశ్న: బొబ్బిలి దగ్గర మాకు గరువు భూమి ఉంది. మూడేళ్ల కిందట తొలకరిలో, బండి మీద అమ్మకానికి తెచ్చిన టేకు మొక్కలు 400 కొని ఎనిమిది అడుగులకొకటి చొప్పున నాటాను. పదిహేను అడుగులు దాటి ఎదిగాయి. మొన్న మా ఊరి వడ్రంగి చూసి ‘ఇది టేకు కాదు, గుమ్మడి టేకు’ అన్నాడు. ఎలా తేల్చుకోవాలి? కొట్టేసి మళ్లీ టేకు వేయమంటారా? పల్లం వైపు చెట్లు పసుపెక్కి ఆకు రాలుస్తున్నాయి. దానికేం చేయాలి?
– ఒక రైతు, విజయనగరం జిల్లా

జవాబు: మీరు పంపిన ఫొటోలు చూశాను. మీ వడ్రంగి చెప్పిందే నిజం. అవి గుమ్మడి టేకు చెట్లు. మోసపోయానన్న బాధలో మాత్రం వాటి మీద గొడ్డలి వేయకండి. మూడేళ్లు పెంచిన చెట్టు అది, దాని విలువ దానికుంది.

మీరే ఒకసారి పరీక్షించుకోండి. ఊళ్లో ఎవరి గట్టు మీదైనా అసలు టేకు చెట్టుంటే దాని లేత ఆకొకటి తెచ్చి అరచేతిలో గట్టిగా నలపండి. గోరింటాకు పెట్టుకున్నట్టు చెయ్యి ఎర్రబడుతుంది. మీ చెట్టు ఆకు నలిపితే ఆ ఎరుపు రాదు. టేకు ఆకు పైన చెయ్యి రాస్తే గరగరలాడుతుంది, మీది నున్నగా ఉంటుంది. టేకు ఆకు మొదట్లో సన్నబడి తొడిమలో కలుస్తుంది. మీ ఫొటోలో ఆకు తమలపాకులా గుండె ఆకారంలో ఉంది, తొడిమ పొడవుగా ఉంది. ఆకు తొడిమతో కలిసే చోట అడుగువైపు చూడండి, ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. అవి ఈ చెట్టుకు పుట్టుమచ్చల్లాంటివి. టేకుకు ఉండవు. లేత కొమ్మను వేళ్ల మధ్య తిప్పి చూసినా తెలుస్తుంది, టేకు కొమ్మకు నాలుగు పలకలు స్పష్టంగా తగులుతాయి.

పూతకొచ్చాక ఇక అనుమానమే ఉండదు. టేకు వానాకాలంలో చిన్న చిన్న తెల్లపూలు పెద్ద గుత్తులుగా పూస్తుంది, కాయ బుడగలాంటి పొర లోపల ఉంటుంది. గుమ్మడి టేకు చలి తగ్గి ఎండలు ముదిరే రోజుల్లో, ఆకు రాల్చి మోడుగా ఉన్నప్పుడు, గోధుమరంగు కలిసిన పసుపు పూలు పూస్తుంది. పండు కండగా ఉండి, పండితే పసుపు రంగుకొస్తుంది. శాస్త్రీయ నామాల్లో టేకు టెక్టోనా గ్రాండిస్, గుమ్మడి టేకు గ్మెలీనా ఆర్బోరియా. రెండిటినీ ఒకప్పుడు వావిలి చెట్టుతో పాటు ఒకే కుటుంబంలో చేర్చారు, ఇప్పుడు శాస్త్రవేత్తలు తులసి కుటుంబంలో పెడుతున్నారు. దాయాదులే గానీ కర్ర వేరు.

ఆ తేడా ముందే తెలుసుకుంటే అమ్మేటప్పుడు ఇబ్బంది ఉండదు. ముదురు టేకు చేవ బంగారు గోధుమరంగులో, చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది. ఎండిన కర్ర ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది. చెదలు తేలిగ్గా ముట్టవు. గుమ్మడి టేకు కర్ర పాలిపోయిన పసుపు, ఘనపుటడుగు 13, 14 కిలోలే. చేవకూ పైకర్రకూ రంగులో పెద్ద తేడా తెలియదు. కానీ ఆరాక పెద్దగా వంకర్లు పోదు, ఉలికి బాగా లొంగుతుంది. తలుపు పలకలు, బల్లలు, ప్లైవుడ్, కాగితపు గుజ్జు, చెక్కడపు పని, అన్నిటికీ పనికొస్తుంది. వాన తగిలే ద్వారబంధానికి మాత్రం పెట్టవద్దు. ఏ పనికి ఏ కర్ర అన్నది మీ బొబ్బిలి వాళ్లకు ఒకరు చెప్పాలా! వీణకు పనస కర్రనే ఏరుకునే ఊరు మీది. ఆయుర్వేదంలో దశమూలాల్లో చెప్పే గంభారి కూడా ఈ చెట్టే.

టేకులో మంచి చేవ పట్టడానికి ఇరవై, పాతికేళ్లు ఆగాలి. గుమ్మడి టేకు అందులో సగం కాలానికే కోతకొస్తుంది. అందుకే ఉంచమంటున్నాను. అయితే ఇది కొమ్మలు ఎక్కువేసే చెట్టు. వదిలేస్తే మాను పొట్టిగా, కర్రలో ముడులు పడి తయారవుతుంది. చలికాలంలో, పొడి వాతావరణంలో, కింది మూడో వంతు ఎత్తు వరకు కొమ్మలను పదునైన రంపంతో మానుకు దగ్గరగా కోయండి. కత్తితో నరికితే బెరడు చీలుతుంది. రెండుగా చీలిన తలల్లో నిటారుగా ఉన్నదే ఉంచండి. కోసిన ఆకు పశువులకు వేయవచ్చు. ఎదిగేకొద్దీ పైకొమ్మలు ఒకదానికొకటి తగులుతాయి. అప్పుడు బలహీనమైనవి, వంకరవి తీసేసి మిగతావాటికి చోటివ్వండి.

చెట్ల మధ్య ఖాళీల్లో టేకు నాటాలనుకుంటే వద్దు. టేకు నీడను భరించదు, వీటి కింద సన్నగా సాగి చచ్చిపోతుంది. టేకే కావాలంటే ఎండ బాగా పడే గట్టు మీద, మృగశిర కార్తెలో నేల తడిశాక, బొటనవేలు లావు స్టంపులు (వేరూ కాండమూ పొట్టిగా కత్తిరించిన నారు మొక్కలు) గునపంతో గుంత తీసి నాటండి.

ఇక పల్లం వైపు సంగతి. ఫొటోలో చెట్ల మొదట్లో నీరు నిలిచిన ఆనవాళ్లు కనిపిస్తున్నాయి. ఆకు పసుపెక్కింది అందుకే. టేకైనా గుమ్మడి టేకైనా వేరు నీళ్లలో నానితే తట్టుకోలేదు. ఎరువు వేసి లాభం లేదు. ముందు వరుసల మధ్య మోకాలు లోతు కాలువ తీసి నీటిని బయటికి మళ్లించండి. చచ్చినవాటి చోట ఏరుమద్ది నాటండి. అది వాగుల ఒడ్డున పెరిగే చెట్టు, నీటికి వెరవదు. ఆకుల్లో చిల్లులు కనిపిస్తే వెనకవైపు తిప్పి చూడండి, తాబేటి చిప్పలా గుండ్రంగా ఉండే పెంకు పురుగు గుమ్మడి టేకుకు ముఖ్య శత్రువు. పిల్లపురుగూ పెద్దపురుగూ రెండూ ఆకు తింటాయి. కొద్దిగా ఉన్నప్పుడే ఏరి చంపండి.

కోతకొచ్చినప్పుడు గుమ్మడి టేకు అనే చెప్పి బేరమాడండి. చెట్టు కొట్టి కర్ర బండికెక్కించే ముందు అటవీ శాఖ అనుమతులేమిటో కనుక్కోండి. ఈసారి మొక్కలు కొనేటప్పుడు, డబ్బు చేతికివ్వకముందే, ఒక లేత ఆకు తుంచి అరచేతిలో నలపండి.