5000 ఎంఏహెచ్ బ్యాటరీకి ఆరు గంటల స్క్రీన్ టైం తక్కువేనా?

మీరు అడిగింది ఇది. ఏడాది కిందట కొన్న 5000 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే కొలత) ఫోన్‌ను ఉదయం నిండా ఛార్జి చేసుకుని విశాఖపట్నంలోని మధురవాడ నుంచి గాజువాకలోని ఆఫీసుకు బయలుదేరుతున్నారు. రాత్రి ఇల్లు చేరేసరికి ఆరు గంటల స్క్రీన్ టైంకే, అంటే తెర అంతసేపు వెలిగేసరికే, అది 10 శాతానికి దిగిపోతోంది. అదే మోడల్ వాడుతూ ఆఫీసు దగ్గరలోనే ఉండే మీ సహోద్యోగికి తొమ్మిది గంటలు వస్తోంది. కాబట్టి బ్యాటరీలో లోపం ఉందా, మార్పించాలా అని మీ సందేహం. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే బ్యాటరీని అనుమానించవలసిన పని లేదనే నా అభిప్రాయం. రానూపోనూ బస్సులో మొబైల్ డేటా మీద వీడియోలు చూసేవారికీ, ఆఫీసులోనూ ఇంట్లోనూ వైఫైలోనే ఉండేవారికీ ఒకే అంకె రావాలని ఆశించడంలోనే చిక్కు ఉంది.

ఈ మాట అనుభవంతోనే చెబుతున్నాను. నేను మందుల కంపెనీ ప్రతినిధిని. వారంలో కొన్ని రోజులు నగరంలోని ఆసుపత్రులు, మందుల దుకాణాలు తిరుగుతాను, మిగిలిన రోజుల్లో చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు వైపో, అరకు వైపో వెళ్తాను. మా ఆవిడ మర్రిపాలెంలో మా ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. మా ఇద్దరి ఫోన్లూ ఒకే మోడల్‌వి, ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్నవి. ఆమె ఫోన్ తెర తొమ్మిది గంటలు వెలిగినా పడుకునే వేళకు ఇంకా కొంత ఛార్జి మిగిలే ఉంటుంది. నా ఫోన్ నగరంలో తిరిగే రోజున ఆరు గంటలు ఇస్తుంది, పాడేరు వెళ్లిన రోజున నాలుగు గంటలు రావడమే గగనం. అయితే నేను సెలవు పెట్టి ఇంటి పట్టున ఉన్న రోజున అదే ఫోన్ ఆమె ఫోన్‌కు ఏమాత్రం తీసిపోదు. బ్యాటరీ మారలేదు, ఫోన్ మారలేదు, నేను ఉన్న చోటు మాత్రమే మారింది.

దీని వెనుక ఉన్న లెక్క చాలా తేలిక. 5000 ఎంఏహెచ్‌ను బ్యాటరీ సగటు వోల్టేజి అయిన సుమారు 3.85 వోల్టులతో గుణిస్తే దాదాపు 19 వాట్-అవర్ల శక్తి వస్తుంది (ఒక వాట్ చొప్పున గంటసేపు ఖర్చయ్యే శక్తి ఒక వాట్-అవర్). ఫోన్ జేబులో ఉన్నప్పుడు వచ్చే కాల్స్‌కూ, మెయిళ్లకూ, నెట్‌వర్క్‌ను అంటిపెట్టుకుని ఉండడానికీ రోజంతా కలిపి అందులో 4 పోయిందనుకుందాం. మిగిలిన 15 వాట్-అవర్లను తెర వెలిగి ఉన్నంతసేపూ సగటున 1.5 వాట్ల చొప్పున ఖర్చు చేస్తే పది గంటలు వస్తాయి, 2.5 వాట్ల చొప్పున అయితే ఆరు గంటలు, 4 వాట్ల చొప్పున అయితే నాలుగు గంటల లోపే. ఇంట్లో మధ్యస్థమైన వెలుతురులో వైఫై మీద వీడియో చూడడం మొదటి అంకెకు దగ్గరగా ఉంటుంది. ఎండలో మ్యాప్ పెట్టుకుని బండి నడపడం, కెమెరా వాడడం, బరువైన ఆటలు ఆడడం చివరి అంకె వైపు లాగుతాయి. కొత్త ఫోన్ల డబ్బా మీద గొప్పగా రాసే ‘రెండు రోజుల బ్యాటరీ’ ఏ అంకె మీద వేసిన లెక్కో మీరే ఊహించుకోవచ్చు.

స్క్రీన్ టైం అనే కొలతలోనే మరో లొసుగు ఉంది. అది తెర వెలిగిన సమయాన్ని మాత్రమే లెక్కపెడుతుంది. ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడినప్పుడు తెర ఆరిపోతుంది కాబట్టి, రోజుకు రెండు గంటలు మాట్లాడినా ఆ ఖర్చు అందులో కనిపించదు. హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌కు డేటా ఇచ్చినా, తెర ఆర్పేసి పాటలు విన్నా అంతే సంగతి. డాక్టరు కోసం ఆసుపత్రి వరండాలో ఎదురుచూస్తూ నేను చేసే పనులన్నీ దాదాపు ఇవే. పైగా ఫోన్‌ను ఎంతసేపు చూశామో చెప్పే డిజిటల్ వెల్‌బీయింగ్ పేజీ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు ఒక రోజుగా లెక్కేస్తుంది. బ్యాటరీ పేజీ మాత్రం కొన్ని ఫోన్లలో చివరిసారి నిండా ఛార్జి చేసినప్పటి నుంచి, మరికొన్నింటిలో గడిచిన 24 గంటలకు చూపిస్తుంది. మీరు ఒక పేజీలోని అంకెనూ, మీ సహోద్యోగి మరో పేజీలోని అంకెనూ చెప్పుకుంటున్నారేమో ముందుగా చూసుకోండి, ఎందుకంటే మధ్యాహ్నం ఆఫీసులో ఒకసారి ఛార్జర్ తగిలించినవారికి డిజిటల్ వెల్‌బీయింగ్ పేజీలో తొమ్మిది గంటలు కనిపించడంలో వింత లేదు.

ఇక అసలు దొంగ దగ్గరికి వస్తే, నా అనుభవంలో అది సిగ్నలే. టవరు దూరమైన కొద్దీ ఫోన్ తన ప్రసార శక్తిని పెంచి గట్టిగా అరవవలసి వస్తుంది, టవరు అసలు అందకపోతే పదే పదే వెతుకుతూ ఉంటుంది. మాడుగుల దాటి పాడేరు ఘాట్ ఎక్కుతున్నప్పుడు సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా పోవడం, మలుపు తిరగగానే ఒకటి రెండు తిరిగి రావడం, మళ్లీ పోవడం కళ్లతో చూడవచ్చు. అలా తిరిగిన రోజు సాయంత్రం బ్యాటరీ పేజీ తెరిస్తే వాట్సాప్ కన్నా, కంపెనీ రిపోర్టులు పంపే యాప్ కన్నా పైన ‘మొబైల్ నెట్‌వర్క్’ అనే పేరు కూర్చుని ఉంటుంది. అరకు రైల్లో వెళ్లేవారికీ ఇదే అనుభవం. కొత్తవలస–కిరండూల్ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయి. శివలింగపురం దాటిన తర్వాత ఒక సొరంగం నుంచి బయటపడి రీలు లోడయ్యేలోపే మరో సొరంగం వస్తుంది. బొర్రా గుహలు చేరేసరికి ఫోన్ వేడెక్కి ఉంటుంది, చూసింది మాత్రం ఏమీ ఉండదు. ఘాట్ మొదలయ్యే ముందే నేను ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేస్తాను, పైకి చేరాక తీస్తాను. ఈ ఒక్క అలవాటు నాకు మిగిల్చినంత ఛార్జి మరే చిట్కా మిగల్చలేదు.

మీకు ఘాట్ రోడ్డు లేదు గానీ, మధురవాడ నుంచి గాజువాక దాకా కదులుతున్న బస్సులో ఫోన్ ఒక టవరు నుంచి మరో టవరుకు మారుతూనే ఉంటుంది. మన దేశంలో 2022 అక్టోబరులో 5జీ మొదలైంది. అప్పటి నుంచి వస్తున్న ఫోన్లు 5జీ దొరికితే అందులోకి, దొరక్కపోతే 4జీలోకి దూకుతుంటాయి, ఈ దూకుడుకూ కొంత ఖర్చవుతుంది. ప్రయాణంలో మీరు చూసేది చిన్న చిన్న వీడియోలే అయితే నెట్‌వర్క్ సెట్టింగులో 4జీని ఎంచుకుని ఒక వారం చూడండి. వీడియో నాణ్యతలో తేడా మీకు తెలియకపోవచ్చు, బ్యాటరీలో తెలిసే అవకాశం ఉంది. రాత్రి ఇంట్లో వైఫై మీద వాటిని ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంకా మేలు.

తెర వెలుతురు సంగతి మీరు రాయలేదు. బస్సు కిటికీ పక్కన, బీచ్ రోడ్డులో ఎండ పడే చోట ఫోన్ తనంతట తానే వెలుతురును గరిష్ఠానికి పెంచేస్తుంది. తెర నేపథ్యాన్ని నల్లగా మార్చే డార్క్ మోడ్ పెట్టుకుంటే చాలునని చాలామంది అంటారు, అది ఓలెడ్ తెరలకే వర్తిస్తుంది. ఓలెడ్‌లో నల్లగా ఉన్న చుక్క దాదాపు ఆరిపోయి ఉంటుంది, ఎల్‌సీడీలో మాత్రం నలుపు వెనుక కూడా దీపం వెలుగుతూనే ఉంటుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ఓలెడ్ ఫోన్ల మీద చేసిన కొలతల ప్రకారం, వెలుతురు 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు డార్క్ మోడ్ వల్ల సగటున మిగిలేది 3 నుంచి 9 శాతం మాత్రమే, వెలుతురు నూరు శాతం ఉన్నప్పుడు 39 నుంచి 47 శాతం. అంటే గదిలో కూర్చుని డార్క్ మోడ్ పెట్టుకోవడం కంటికి హాయిగా ఉండవచ్చు గానీ బ్యాటరీకి పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఎండలో పెట్టుకుంటే ఉంది.

ఈ రోజు ఎన్ని గంటలు వచ్చిందనేది ఒక విషయం, బ్యాటరీ ఎన్నేళ్లు నిలుస్తుందనేది వేరే విషయం. లిథియం-అయాన్ బ్యాటరీకి వేడి పెద్ద శత్రువు. 35 డిగ్రీలు దాటిన వాతావరణంలో వాడితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గవచ్చని ఆపిల్ సంస్థ తన వినియోగదారులను హెచ్చరిస్తోంది. విశాఖ వేసవి మధ్యాహ్నాలు ఆ గీత చుట్టూనే తిరుగుతుంటాయి. ఇక బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, మ్యాప్ తెరిచి, ఎండలో ఛార్జి కూడా పెడితే ఫోన్ లోపలి వేడి ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు. నేను మ్యాప్‌ను వీలైనంత వరకు చెవిలో మాటగానే వింటాను, ఛార్జింగ్ నీడ పట్టున పెడతాను. సముద్రపు గాలి వల్ల అప్పుడప్పుడు ఛార్జింగ్ పోర్టులో తేమ ఉందన్న హెచ్చరిక వస్తుంది. అప్పుడు మొండికేసి కేబుల్ గుచ్చకుండా, ఫ్యాన్ కింద కాసేపు ఆరనివ్వాలి.

రెండో శత్రువు నూరు శాతం దగ్గర గంటల తరబడి ఉంచడం. రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేసే అలవాటు ఉంటే, ఇప్పుడు చాలా ఫోన్లలో ఉన్న 80 శాతం పరిమితిని ఆన్ చేసుకోవచ్చు. దూరప్రయాణం రోజున నేను దాన్ని తీసేస్తాను, ఎందుకంటే ఫోన్‌ను కాపాడుకోవడం కోసం నా పని ఆగిపోతే అర్థం లేదు. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే కొత్త ఫోన్ల బ్యాటరీలు 800 సైకిళ్ల తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలనే నిబంధన అమలులోకి వచ్చింది. సైకిల్ అంటే ఒకసారి ఛార్జర్ తగిలించడం కాదు, మొత్తం నూరు శాతం ఖర్చు కావడం. రోజుకు ఒక సైకిల్ అయిపోయేంత వాడినా 800 సైకిళ్లకు రెండేళ్లు దాటుతుంది. మీ ఫోన్ ఆ ప్రమాణానికి తయారైనదైనా కాకపోయినా, ఏడాదికే అది చేతులెత్తేసిందని అనుకోవడానికి మీరు చెప్పినవాటిలో ఆధారం ఏదీ కనిపించలేదు.

ఎన్ని గంటలు రావాలని ఆశించాలో నిర్ణయించుకునేటప్పుడు నేను గంటలను పక్కన పెట్టి ఒకే ప్రశ్న వేసుకుంటాను: మామూలు పని రోజున ఇల్లు చేరేసరికి అత్యవసరంగా ఒక గంట మాట్లాడేందుకు ఛార్జి మిగులుతోందా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకిన తర్వాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. వీధి చివర జనరేటర్ నడుస్తున్న దుకాణం ముందు ఛార్జర్లు పట్టుకుని నిలబడిన వారిలో నేనూ ఉన్నాను. అప్పటి నుంచి తుఫాను హెచ్చరిక వస్తే చాలు, ఇంట్లో పవర్ బ్యాంకు నిండుగా ఉందో లేదో ముందు చూస్తాను. పవర్ బ్యాంకు కొనేటప్పుడు 10,000 ఎంఏహెచ్ అన్న పెద్ద అంకెను కాకుండా, రేటెడ్ కెపాసిటీ అని చిన్న అక్షరాల్లో వేసే అంకెను చదవండి. సాధారణంగా అది 6000 అటూఇటూగా ఉంటుంది, మీ ఫోన్‌కు నిజంగా చేరేది దాని ప్రకారమే.

రోజుకు ఆరు గంటలు ఫోన్ చూడడం మంచిదా కాదా అన్నది మీ ప్రశ్నలో లేదు కాబట్టి ఆ చర్చలోకి పోను. ఒక్కటి మాత్రం చెబుతాను. యాప్‌ల వారీగా చూసుకుంటే ఆ ఆరింటిలో మీకు నిజంగా కావలసినవి ఎన్నో మీకే తెలుస్తుంది, మిగిలినవి తగ్గితే బ్యాటరీ గొడవ సగం దానంతట అదే తీరుతుంది.

బ్యాటరీ మీద అనుమానం ఇంకా పోకపోతే, రాబోయే సెలవు రోజున ఫోన్‌ను ఇంట్లో వైఫై మీద, వెలుతురు సగం లోపు పెట్టి, మామూలు వీడియోలూ వార్తలూ చూస్తూ నూరు నుంచి 10 దాకా దిగనివ్వండి. మీ సహోద్యోగి అంకెకు దగ్గరగా వస్తే బ్యాటరీ బాగున్నట్టే. ఇంట్లో కూడా ఆరు దాటకపోయినా, 25 లేదా 30 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి ఫోన్ ఆగిపోతున్నా, కొత్తప్పటి సామర్థ్యంలో ఇంకా ఎంత శాతం మిగిలిందో చెప్పే, సెట్టింగుల్లోని బ్యాటరీ హెల్త్ 80 కన్నా తక్కువ చూపిస్తున్నా అప్పుడు అధీకృత సర్వీస్ సెంటరులో అడగండి. వారంటీ బిల్లు వెంట తీసుకెళ్లండి. ఫోన్ వెనుక మూత ఉబ్బినట్టు గానీ, తెర అంచు లేచినట్టు గానీ కనిపిస్తే మాత్రం ఈ పరీక్షలేవీ పెట్టుకోకుండా, ఛార్జింగ్ ఆపేసి అదే రోజు తీసుకెళ్లండి.