మీవారి రికార్డు ఎవరు తెరిచారో ముందు తేల్చండి

నమస్కారమండీ. మీవారు సైన్యం నుంచి వచ్చాక అమెరికాలోని ఒక వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూ అక్కడే, యుద్ధం లాంటి ఘోర అనుభవాల తర్వాత వచ్చే మానసిక సమస్య అయిన పీటీఎస్‌డీకి చికిత్స తీసుకుంటున్నారని, ఆ సంగతి తోటి ఉద్యోగుల నోళ్లలో పడేసరికి చికిత్సకు వెళ్లడం మానేశారని రాశారు. పొద్దున పలకరించిన మనిషే మధ్యాహ్నం మన రికార్డు తెరిచి చదువుతుంటే ఎవరికి మాత్రం కాళ్లు కదులుతాయి?

ఆసుపత్రి ప్రైవసీ అధికారికి ఆయన సంతకంతో ఉత్తరం ఇవ్వండి. తన రికార్డును ఏ రోజున, ఎవరెవరు తెరిచారో తెలిపే నివేదిక కావాలని అందులో అడగాలి. ఉద్యోగులుగా ఉన్న వెటరన్ల రికార్డులకు ‘సెన్సిటివ్’ గుర్తు ఉంటుంది. తెరిచిన ప్రతివారి పేరూ నమోదవుతుంది. నోటిమాటగా అడిగితే ‘చూద్దాంలెండి’ అని పంపేస్తారు, కాబట్టి నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. చికిత్సతో సంబంధం లేని పేరు కనబడితే అదే మీ ఆధారం. రోగుల ఆరోగ్య సమాచార గోప్యతను కాపాడే హిపా చట్టం కింద అమెరికా ఆరోగ్య శాఖ పౌరహక్కుల కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. విషయం తెలిసిన నాటి నుంచి 180 రోజులే గడువు.

ఫిర్యాదు తేలేదాకా చికిత్స ఆగకూడదు. నా దృష్టిలో అసలు పని ఇదే. యుద్ధ ప్రాంతంలో పనిచేసినవారైతే మాజీ సైనికుల కౌన్సెలింగ్ కేంద్రమైన ‘వెట్ సెంటర్’కు వెళ్లమనండి. కౌన్సెలింగ్ ఉచితం, అక్కడి రికార్డులు ఆసుపత్రి రికార్డులకు వేరుగా ఉంటాయి. ఏ రాత్రైనా ఆయన మాటలు మీకు భయం కలిగిస్తే మాజీ సైనికుల అత్యవసర సహాయ లైను కోసం 988కి ఫోను చేసి 1 నొక్కండి. కుటుంబసభ్యులూ చేయవచ్చు.