సంక్రాంతి చలిలో సిమిలిపాల్

సంక్రాంతి సెలవులకి బరంపురం నుంచి పిల్లలతో, అత్తగారితో ఒడిశాలోని సిమిలిపాల్ అడవికి వెళ్లాలనుకుంటున్నామని, చలికి తట్టుకోగలమా అని అడిగారు. వెళ్లండి. కానీ ఒక్క రాత్రయినా అడవి లోపల ఉండండి.

మాదీ బరంపురమే. రెండేళ్ల క్రితం జనవరి మొదట్లో అమ్మని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని వెళ్లాం. రాత్రి రైలెక్కి తెల్లారుజామున బాలేశ్వర్‌లో దిగాం. అక్కణ్ణుంచి అడవికి దగ్గరి ఊరు బరిపదా 60 కిలోమీటర్లు, బస్సులో వెళ్లి, అక్కడ బొలెరో మాట్లాడుకున్నాం. లోపలికి రోజుకి ఇన్ని బళ్లనే లెక్క ఉంది కాబట్టి పర్మిట్, బస రెండూ ముందే చూసుకోవాలి.

సముద్రం పక్కన ఉండే మనకి చలి అంటే స్నానానికి వేణ్ణీళ్లు పెట్టుకోవడం వరకే. నేనూ తలా ఒక స్వెటరు, శాలువా చాలనుకున్నాను. బసలో ఇచ్చిన రగ్గులు పల్చటివి, అడిగితే ఇంక లేవన్నారు. అర్ధరాత్రి అమ్మ వణుకుతూ లేచి కూర్చుంది. బ్యాగులో ఉన్న చీరలన్నీ మడతలు పెట్టి కప్పాను. మా రగ్గులూ ఆవిడకే ఇచ్చేసి, పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టుకున్నాం. ఆ టెన్షన్‌లో నాకు కంటి మీద కునుకు లేదు.

తెల్లారుతుండగా డ్రైవర్ వచ్చి తలుపు తట్టాడు. బయట గడ్డి మైదానమంతా ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా ఉంది. మనం రోజూ చూసే పొగమంచు కాదు, గడ్డకట్టిన మంచు. మా చిన్నాడు గడ్డిపోచ పట్టుకుంటే చిటుక్కుమని విరిగింది. పది అడుగుల దూరంలో సాల చెట్ల కింద మాత్రం ఆకులు పొడిగానే ఉన్నాయి. మబ్బు లేని రాత్రి నేలలోని వేడంతా ఆకాశంలోకి పోతుంది, బరువైన చల్లగాలి పల్లంలోకి దిగి నిలిచిపోతుంది. చెట్ల కింద ఆ కొమ్మలే దుప్పటిలా అడ్డుపడతాయి. ఎనిమిదయ్యేసరికి అంతా కరిగి నీళ్లయిపోయింది. పొద్దున గేటు తెరిచాక వచ్చేవాళ్లకి ఇది దొరకదు, అందుకే రాత్రి ఉండమంటున్నాను.

పులి కోసమే అయితే ఆశ పెట్టుకోవద్దు. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పటి నుంచీ ఇది పులుల అడవే, నల్లచారలు ఒంటినిండా కమ్మేసిన పులులు ఉన్నదీ ఇక్కడే. అయినా మాకు కనిపించింది బెట్టుడుత, అడవిలో చాహలా అనే చోట ఉప్పు నాకడానికి వచ్చిన జింకలు. పిల్లలకి అదే పండగ.

బరేహీపానీ జలపాతం ఎత్తు 399 మీటర్లు. పొద్దున్నే వెళ్తే పొగమంచులో చప్పుడు తప్ప ఏమీ లేదు. తొందరపడి వెనక్కి తిరిగిన వాళ్లని చూసి అయ్యో అనిపించింది. పది దాటాక తెర తీసినట్టు కనిపించింది. జనవరిలో నీళ్లు తక్కువే, కొండ మీంచి జారే ఆ సన్నటి ధార మాత్రం ఎంతసేపైనా చూడొచ్చు.

ఇంకో మాట. ఈ అడవి ఉన్న మయూర్‌భంజ్ జిల్లాలో మకర పర్వం, అంటే మన సంక్రాంతే, చాలా పెద్ద పండగ. ఆ రెండు మూడు రోజులు డ్రైవర్లు ఊళ్లకి వెళ్లిపోతారు, కొట్లూ సరిగ్గా తీయరు. పండగ ఇంట్లో చేసుకుని, కనుమ వెళ్లాక బయల్దేరండి. మనిషికో మందపాటి రగ్గు, మంకీ క్యాప్, ఉన్ని సాక్సులు, పెద్ద ఫ్లాస్కు తీసుకెళ్లండి. లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి అత్తగారి మందులు లెక్క చూసి రెండు రోజులకి ఎక్కువే పెట్టుకోండి. దారి గతుకులు, మలుపులు. ఆవిణ్ణి ముందు సీట్లోనే కూర్చోబెట్టండి.