ఉచితంగా చదివే వికీపీడియాకు డబ్బెందుకు ఇస్తానంటే

“వికీపీడియా చదవడానికి పైసా ఖర్చు లేదు, రాసేవాళ్లు కూడా జీతం తీసుకోరు. అలాంటప్పుడు దానికి విరాళాలిచ్చేవాళ్లు ఏం ఆశించి ఇస్తారు? మీలో ఎవరైనా ఇచ్చారా?” అని ఒకరు అడిగారు.

నేను ఏటా ఇస్తాను. నా స్థోమతకు తగ్గట్టు చిన్న మొత్తమే. బదులుగా వచ్చేది ఒక రసీదు ఈమెయిలు. ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. తెలుగు వికీపీడియాలో, పాత పుస్తకాలను అందరూ చదువుకునేలా ఉంచే దాని తోబుట్టువు వికీసోర్సులో తీరిక దొరికినప్పుడు పనిచేస్తుంటాను కానీ, నేను విరాళమిచ్చిన సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. తెలిసినా ఒరిగేదేమీ లేదు. లక్ష రూపాయలు ఇచ్చినవారు రాసినా, రూపాయి ఇవ్వనివారు రాసినా, ఆధారం చూపకపోతే ఆ వాక్యం నిలవదు. ఆ పద్ధతి మీద నాకు ఎంతో గౌరవం.

ఇవ్వాలన్న బుద్ధి పుట్టింది మాత్రం మా ఊరి పేజీ చూశాక. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఈరోజు రెండు రాష్ట్రాల్లోని మారుమూల పల్లెలకు కూడా అందులో పేజీలున్నాయి. 2016 అక్టోబరులో తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో పని ముగించింది. వేలాది ఊళ్ల పేజీల్లో జిల్లా పేరు, కొన్నిచోట్ల మండలం పేరు మార్చే పని ఎవరి మీద పడింది? మా ఊరి పేజీ చరిత్ర తెరిచి ఒక్కో మార్పూ చూస్తూ పోయాను. ఒకరు కొత్త జిల్లా పేరు చేర్చారు. ఇంకొకరు, పునర్వ్యవస్థీకరణకు ముందు ఈ గ్రామం ఏ జిల్లాలో ఉండేదో చెబుతూ ఒక వాక్యం రాసి, ఆధారం చూపించారు. ఆ ఒక్క వాక్యం విలువ, పాత పట్టాలు, చదువుల సర్టిఫికెట్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవారికి తెలుస్తుంది. మరొకరు 2011 జనాభా లెక్కలు సరిచేశారు. వీళ్లలో ఒక్కరూ మా ఊరివాళ్లు కారు. మా ఊరి మొహం చూసి ఉంటారని కూడా అనుకోను.

వికీసోర్సు సంగతి ఇంకా చెప్పాలి, ఎందుకంటే అక్కడి శ్రమ బయటికి అసలు కనిపించదు. అక్కడికి చేరే పాత తెలుగు పుస్తకాల స్కాన్లలో చాలా భాగం, పాత పుస్తకాలను స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావి. ఆ వెబ్‌సైటు 2017 ప్రాంతంలో మూతపడింది. దానిలోని లక్షల పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో చేర్చి ఉంచినవారి పుణ్యాన ఇవాళ మనకు దొరుకుతున్నాయి. (ఆర్కైవ్ కూడా విరాళాలతో నడిచే సంస్థే. దానికీ కొంత ఇస్తాను.) ఒకవైపు స్కాన్ బొమ్మ, మరోవైపు కంప్యూటరు చదివి ఇచ్చిన పాఠం ఉంటాయి. ఆ పాఠంలో ‘ప’ కాస్తా ‘వ’ అయి కూర్చుంటుంది, అరసున్న ఎగిరిపోతుంది, వత్తు పక్క అక్షరం కిందికి జారుతుంది. ఎవరూ దిద్దని పేజీ ఎర్రగా, ఒకరు దిద్దాక పసుపుగా, వేరొకరు మళ్లీ సరిచూశాక ఆకుపచ్చగా కనిపిస్తుంది. దిద్దినవారే తమ పేజీని ఆమోదించుకోవడానికి వీల్లేదు. కాబట్టి ఒక పుస్తకం మొత్తం ఆకుపచ్చగా మారిందంటే ప్రతి పేజీనీ కనీసం రెండు జతల కళ్లు అక్షరం అక్షరం చూశాయన్నమాట. నేను దిద్దిన పసుపు పేజీని మర్నాటికి మరెవరో ఆకుపచ్చ చేసి ఉంచితే కలిగే సంతోషం ఇంతని చెప్పలేను.

సరే, శ్రమ అంతా ఉచితమైనప్పుడు డబ్బు దేనికి? విరాళాలను విమర్శించేవారు చూపించే లెక్కలు నిజమే. 2022–23లో, వికీపీడియాను నడిపే సంస్థ వికీమీడియా ఫౌండేషన్ ఖర్చు దాదాపు 16.9 కోట్ల డాలర్లు. సర్వర్లు నడపడానికి అయింది అందులో 30 లక్షల డాలర్ల పైచిలుకు మాత్రమే. జీతాలకే పది కోట్ల డాలర్లు దాటింది. ఇది చూసి “మన డబ్బు జీతాలకు పోతోంది” అని కోప్పడేవారున్నారు. నాకు అందులో తప్పు కనిపించదు. పేజీ చరిత్రను భద్రంగా దాచే సాఫ్ట్‌వేరును, దాడుల నుంచి సైటును కాపాడే పనిని తీరిక వేళల్లో చేసే స్వచ్ఛంద సేవకుల మీదే వదిలేస్తే ఎన్నాళ్లు నిలబడుతుంది?

ఇక కోర్టులు. 2024 జులైలో ఏఎన్ఐ వార్తాసంస్థ తన గురించి వికీపీడియాలో ఉన్న రాతలపై ఢిల్లీ హైకోర్టులో రెండు కోట్ల రూపాయల పరువునష్టం దావా వేసింది. ఆ పేజీలో రాసిన ముగ్గురి వివరాలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. ఆ కేసు మీద వికీపీడియాలో వచ్చిన వ్యాసాన్ని కోర్టు ఆదేశంతో అక్టోబరులో తొలగించవలసి వచ్చింది. ఆ తొలగింపు ఆదేశాన్ని 2025 మేలో సుప్రీంకోర్టు కొట్టేసింది. అంతవరకూ పోరాడటానికి లాయర్లు కావాలి, లాయర్లకు ఫీజులు కావాలి. జీతం లేకుండా రాసే ఒక మనిషి ఇంటికి నోటీసు వస్తే ఆయన పక్కన ఎవరు నిలబడాలి? నా డబ్బులో ఒక్క రూపాయి అందుకు పనికొచ్చినా నాకు తృప్తే.

ప్రకటనలు వేసుకుంటే సరిపోతుంది కదా అనేవారికి స్పానిష్ వికీపీడియా కథ చెబుతాను. 2002 ఫిబ్రవరిలో, వికీపీడియాలో ప్రకటనలు రావచ్చన్న మాట వినగానే స్పానిష్‌లో రాసేవారు చాలామంది లేచిపోయి వేరే విజ్ఞాన సర్వస్వం పెట్టుకున్నారు. ఆ ఏడాదే వికీపీడియా చిరునామా డాట్ కామ్ నుంచి డాట్ ఆర్గ్‌కు మారింది. ప్రకటనల లెక్కన చూస్తే మా ఊరి పేజీకి విలువ ఎంత? నెలకు పదిమంది చూసే పేజీని ఏ వ్యాపారీ పోషించడు. తెలుగు లాంటి భాషకు, తెలుగులోనూ పల్లెటూళ్లకు, పాత పుస్తకాలకు, అందరి డబ్బూ ఒకచోట వేసి అందరికీ సమానంగా వాడే ఈ ఏర్పాటే గతి.

ఆ అందరిలో ఎక్కువమంది ఉత్తర అమెరికా, ఐరోపాల వాళ్లు. ఒక్కొక్కరు ఇచ్చే సగటు మొత్తం 11 డాలర్ల ప్రాంతంలోనే ఉంటుంది. మన ఊసే తెలియనివాళ్లు పదీ పరకా వేస్తే మన భాషలో పేజీలు తెరుచుకుంటున్నాయి. చదువుకునేందుకు చందాలు వేసుకోవడం మనకు కొత్తేమీ కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయాలు పుట్టింది దాతల చేతుల మీదుగానే. అక్కడ పుస్తకం తీసుకున్న కుర్రవాడిని ‘నువ్వెంత ఇచ్చావు’ అని అడిగారా? ఇచ్చే స్తోమత ఉన్నవాళ్లం ఊరుకుని, మన చదువుకు ఖర్చు ఎవరో పెట్టుకుంటారులే అనుకోవడం నాకు మనస్కరించదు.

మీరు కూడా ఇవ్వాలని బలవంతపెట్టను. ముఖ్యంగా, విరాళం అడిగే బ్యానరు చూసి వికీపీడియా రేపో మాపో మూతపడుతుందని భయపడి ఇవ్వకండి. ఆ బ్యానర్ల భాష ఎక్కువ భయపెట్టేలా ఉందని 2022లో ఇంగ్లీషు వికీపీడియాలో రాసేవారే గట్టిగా అభ్యంతరం చెప్పారు. వాళ్ల మాట నాకూ న్యాయంగానే తోచింది. ఇంటి ఖర్చులకే చాలనప్పుడు అసలు ఇవ్వక్కర్లేదు. నా మటుకు నేను, అక్కడ ప్రకటనలు మొదలుపెట్టినా, డబ్బిచ్చినవారి మాట వ్యాసాల్లో చెల్లుతోందని తెలిసినా, ఆ రోజే మానేస్తాను.